ముఐథర్ జంక్షన్‌లో పెట్టె, డబ్బా, బోగీ

దోహా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా తెనాలిలో ప్రతివాడూ బంగారం గురించే అడుగుతున్నాడు. ఎంత తెచ్చావు, ఎలా తెచ్చావు, అక్కడ నిజంగానే చవకా? బంగారం కొనలేదు నాయనా, రైలు నడపడానికి వెళ్ళాను అంటే, ఒక్కడూ నమ్మడు. షాపులో పని మానుకుని ఒక్కొక్కడికీ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నాను. చదివాక మళ్ళీ వచ్చి అడిగితే మర్యాద దక్కదు.

వెళ్ళడానికి కారణం

నాది కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే పని. పగలు ఊళ్ళోవాళ్ళ ఫ్యాన్లూ నీళ్ళ మోటార్లూ బాగు చేస్తాను. సాయంత్రాలు అరచేతిలో పట్టేంత రైలింజన్లు తయారు చేస్తాను. వాటిని బొమ్మ రైళ్ళు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. బొమ్మలతో పిల్లలు ఆడుకుంటారు. మావి నమూనా రైళ్ళు. తేడా ఏమిటని మా ఆవిడ పెళ్ళయిన దగ్గర్నుంచీ అడుగుతోంది, ఇంకా చెబుతూనే ఉన్నాను.

ఇలాంటి పిచ్చి ఉన్న తెలుగువాళ్ళం ఫోన్లో ఒక గుంపు పెట్టుకున్నాం. అందులో అందరూ చూసేవాళ్ళే. పోట్లాడేవాళ్ళం మాత్రం ముగ్గురం. నేను, గుంతకల్లు ఓబులేసు, పెద్దపల్లి రాజమల్లు. ఓబులేసు దోహాలోని ముఐథర్‌లో ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరు. రాజమల్లు అదే దోహాలో క్రేను నడుపుతాడు. వాళ్ళ అమ్మ మాత్రం ఊళ్ళో అందరికీ కొడుకు దుబాయ్‌లో ఉన్నాడనే చెబుతుంది.

మా పోట్లాట దేని గురించో చెబితే మీరు నవ్వుతారు. రైలుకు ఇంజను తర్వాత ఉండేదాన్ని ఏమనాలి? నేను పెట్టె అంటాను. మా వైపు అందరూ అదే అంటారు. ఎన్నో పెట్టెలో ఎక్కావు, చివరి పెట్టె ఎక్కడ ఆగుతుంది అని. రాజమల్లు డబ్బా అంటాడు. ఓబులేసు బోగీ అంటాడు. బండిని ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్ళించేది నాకు పాయింటు, రాజమల్లుకు కాంటా. ఈ రెండు మాటల మీద మేం ఎన్నేళ్ళుగా కొట్టుకుంటున్నామో గుంపులో పైకి జరుపుకుంటూ పోతే మీకే తెలుస్తుంది.

అలాంటి ఓబులేసు ఒకరోజు ఫోన్ చేసి ఏడుపు గొంతుతో మాట్లాడాడు.

"అన్నా, రూము పోతాదన్నా."

ఆ ఇంటి పెరట్లో వాడుకలో లేని పాత మజ్లిస్ గది ఒకటుంది. మజ్లిస్ అంటే వాళ్ళు అతిథులను కూర్చోబెట్టే గది. ఇంటి పెద్దాయనను ఓబులేసు బాబా అంటాడు. ఆ బాబా దయతలచి ఆ గదిని ఓబులేసుకు ఇచ్చాడు. ఓబులేసు డ్యూటీ లేనప్పుడల్లా అందులో కూర్చుని ప్లైవుడ్ బల్లల మీద పట్టాలు పరిచాడు. కొండ, వంతెన, స్టేషను అన్నీ కట్టాడు. ఇప్పుడు బాబా పెద్దకొడుకు జాసిమ్‌కు అదే గది కావాలట. వ్యాయామం యంత్రాలు పెట్టుకుంటాడట. బాబా ఎటూ తేల్చలేక, శుక్రవారం నా స్నేహితులొస్తారు, వాళ్ళ ముందు బండి బాగా నడిస్తే గది నీది, నడవకపోతే ఖలాస్ అన్నాడట.

"నా ఇంజనుకు ఆ కొండ ఎక్కే దమ్ము ల్యాదన్నా. నీ ఇంజను తీసుకోని నువ్వు రావాల. రూము పోతే ఇదంతా నేను యాడ పెట్టుకునేది? నా గదిలో మంచమూ నేనూ, అంతే పడతాం."

నన్ను గుంపులో అందరి ముందూ 'ముసలి పాయింట్స్‌మన్' అని వెక్కిరించిన మనిషి. అయినా వెళ్ళాను. ఇంజను బాగుందని ఒప్పుకున్నాడు కదా, అదీ సంగతి.

ఐన్ ఖాలిద్

మా ఆవిడ పిన్ని కూతురు కుటుంబం ఐన్ ఖాలిద్‌లో ఉంటుంది. అక్కడ దిగాను. విమానాశ్రయంలో సంచీ తెరిచి ఇదేమిటని అడిగితే, నోరు జారి ఇంజను అన్నాను. అంతే, ఒకరు కాస్తా ముగ్గురయ్యారు. చివరికి జేబులోంచి బ్యాటరీ తీసి, అక్కడున్న బల్ల మీదే నడిపి చూపించాను. ముగ్గురూ నవ్వి, ఇంకోసారి నడపమన్నారు. ఇంకోసారి నడిపాను. వెనకాల వరసలో నిలబడ్డవాళ్ళు నన్ను తిట్టిన భాషలు నాకు రావు కాబట్టి బతికిపోయాను.

అసలు నష్టం మరదలి ఇంట్లో సంచీ విప్పాక తెలిసింది. బండి చివర తగిలించే గార్డు పెట్టె కింద చక్రాల చట్రాలు రెండూ విరిగిపోయాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. మరదలు మాత్రం, "దానికేముంది బావగారూ, చివరిదే కదా, అది లేకుండా నడపండి" అంది. చివర గార్డు పెట్టె లేని బండిని నేను నడపడమా! పెసరట్టు ముందు పెట్టింది కాబట్టి ఊరుకున్నాను. అల్లం పచ్చడి మా ఊళ్ళో కంటే బాగుంది. ఈ మాట మా ఆవిడ దాకా వెళ్ళకుండా చూడండి.

మెట్రో

మర్నాడు మెట్రో ఎక్కాను. ఎక్కడికెళ్ళినా రెండే రియాళ్ళు. దాదాపు మా ఊళ్ళో రెండు ప్లేట్ల ఇడ్లీ ఖరీదు. లోపల నేల మీద అన్నం వడ్డించుకుని తినొచ్చు, అంత శుభ్రం. కానీ బండికి డ్రైవరు లేడు, గార్డు లేడు. జెండా ఊపేవాడు లేకుండా బండి దానంతటదే కదులుతుంటే నాకు గుండెలు దడదడలాడాయి. ప్లాట్‌ఫారం మీద యూనిఫాంలో ఉన్న ఒక కెన్యా అమ్మాయిని పట్టుకుని, ఇందులో అప్ లైను ఏది, డౌన్ లైను ఏది అని అడిగాను. ఆ పిల్ల ఎంతో మర్యాదగా నన్ను తీసుకెళ్ళి ఎస్కలేటర్లు చూపించింది. థాంక్యూ చెప్పి, పైకి వెళ్ళి, కిందికి వచ్చాను. మరేం చెయ్యను?

ఫరీజ్ అబ్దుల్ అజీజ్

రాజమల్లు ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో కంపెనీ ఇచ్చిన గదిలో మరో ముగ్గురితో కలిసి ఉంటాడు. ఫోన్లో వాడి రాతలు చూసి బుర్రమీసాల మనిషిని ఊహించుకున్నాను. తీరా చూస్తే సన్నగా, పొడుగ్గా, సిగ్గుపడుతూ ఉన్నాడు. నన్ను చూడగానే చేతిలో సంచీ లాక్కుని, కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు.

"ఏం తింటవన్నా? పచ్చిపులుసు జేసినం. జొన్నరొట్టె గూడ ఉన్నది."

పచ్చిపులుసులో ఉల్లిపాయలు కరకరలాడుతున్నాయి. నువ్వుల పొడి వేశాడు. మా వైపు వెయ్యం. వెయ్యాలని అప్పుడే తెలిసింది. రెండోసారి పోయించుకున్నాను. ఇంత మంచి మనిషితో ఇన్నేళ్ళు ఎందుకు పోట్లాడానా అని మనసు కరిగిపోయింది. అదే ఊపులో విరిగిన గార్డు పెట్టె తీసి చూపించాను.

"అయ్యో, గార్డు డబ్బా ఇరిగిందా!" అన్నాడు.

"పెట్టె" అన్నాను.

"పెట్టెల బట్టలు వెడ్తరన్నా. మనుషులెక్కేది డబ్బా."

"డబ్బాలో కందిపప్పు పోసుకుంటారయ్యా!"

కరిగిన మనసు అక్కడికక్కడే గడ్డకట్టింది. వాడి గదిలోవాళ్ళు ఒకడు నేపాలీ, ఇద్దరు జగిత్యాలవాళ్ళు. మమ్మల్ని విడదీయాలా, పోలీసులను పిలవాలా తేల్చుకోలేక చూస్తూ నిలబడ్డారు. చివరికి నేపాలీ అబ్బాయి మా ఇద్దరినీ కిందికి తీసుకెళ్ళి కరక్ చాయ్ తాగించాడు. యాలకులు, చిక్కటి పాలు, నోరంతా అతుక్కుపోయేంత పంచదార. అది తాగుతూ పోట్లాడటం కుదరదు. ఈ పద్ధతి అసెంబ్లీలో పెడితే బాగుంటుంది.

గ్రాహం, బెట్టీల ఇల్లు

చక్రాల చట్రాలు దొరికే చోటు రాజమల్లుకు తెలుసు. గ్రాహం అనే ఇంగ్లీషాయన, ఆయన భార్య బెట్టీ. ఆవిడ అమెరికా మనిషి. ఇద్దరికీ మా పిచ్చే. ఇంటి హాలు నిండా పట్టాలే. మధ్యలో నేల మీద ఎర్ర టేపు అంటించి ఉంది. ఇటు ఇంగ్లాండు, అటు అమెరికా. పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెలను ఈయన స్లీపర్లు అంటాడు, ఆవిడ టైలు అంటుంది. చివర తగిలించేది ఈయనకు బ్రేక్ వ్యాను, ఆవిడకు కబూసు. పెళ్ళయి ముప్పై ఏళ్ళ పైమాటట. టేపు మాత్రం మొన్న మార్చారట, పాతది అరిగిపోయిందని.

మా రైల్వేవాళ్ళు ఆ చక్రాల చట్రాన్ని ట్రాలీ అంటారు. అందుకని నేను ధీమాగా, నాకు రెండు ట్రాలీలు కావాలి అన్నాను. గ్రాహం ఒక క్షణం ఆలోచించి, వంటింట్లోకి వెళ్ళి టీ కప్పులు పెట్టుకునే చక్రాల బల్ల తోసుకొచ్చాడు. ఒకటే ఉంది, రెండోది లేదు, క్షమించండి అన్నాడు. దాని మీద బిస్కెట్లు కూడా పెట్టి తెచ్చాడు పాపం.

బెట్టీ నవ్వి, "ఆయనకు కావాల్సింది ట్రక్కులు" అంది.

రాజమల్లు బెదిరిపోయి నా చెవిలో, "లారీలెందుకన్నా? ఆమె లారీలంటున్నది" అన్నాడు.

"ట్రక్కులు కావు, బోగీలు!" అని గ్రాహం అరిచాడు. ఆ చక్రాల చట్రానికే ఆవిడ దేశంలో ఆ పేరు, ఈయన దేశంలో ఈ పేరట.

"బోగీలొద్దు సార్, బోగీ మన తాన ఉన్నది, కింద చక్రాలు గావాలె" అని రాజమల్లు ఇంగ్లీషూ హిందీ కలిపి మొదలుపెట్టాడు. వాడు కంగారులో బోగీ అనేశాడని నేను గమనించాను. అప్పుడే అనకుండా అదనుకు దాచుకున్నాను.

నలుగురం ఒకేసారి మాట్లాడుతున్నాం. ఎవరికీ ఎవరి మాటా అందలేదు. విసుగు పుట్టి నేను గార్డు పెట్టెను సంచీలోంచి తీసి, తిరగేసి, విరిగిన చోట వేలు పెట్టాను. "అయ్యయ్యో" అన్నారు మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే గొంతుతో, ఎవరి భాషలో వాళ్ళు. రెండు నిమిషాల్లో చట్రాలు తెచ్చి తగిలించారు. ఒకటి ఇంగ్లాండు వైపు నుంచి, ఒకటి అమెరికా వైపు నుంచి. డబ్బు తీసుకోలేదు. బిస్కెట్లు తినకుండా వెళ్ళనివ్వలేదు.

ముఐథర్

గురువారం సాయంత్రం ముఐథర్ చేరాం. ఓబులేసు గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. కొంచెం పొట్ట, నెత్తిన టోపీ, ముఖమంతా నవ్వు. నన్ను కౌగిలించుకుని వదల్లేదు.

"వచ్చినావా అన్నా! అనుకోల్యా నువ్వు వస్తావని."

గది తలుపు తీశాడు. గోడల వెంట పరుపులు, దిండ్లు. మధ్యలో బల్లల మీద ఓ పెద్ద స్టేషను. అట్టముక్కలతో కట్టిన కొండ. ఖర్జూరపు మట్టలతో చేసిన చెట్లు. నీళ్ళ సీసా మూతలతో నీళ్ళ ట్యాంకు. స్టేషను బోర్డు మీద తెలుగులో ముఐథర్ జంక్షన్ అని రాసుకున్నాడు. ఇన్నేళ్ళ సెలవు పూటలన్నీ ఈ మనిషి ఇక్కడ పోశాడు. దీన్ని పీకేసి పరుగెత్తే యంత్రం పెడతారా! పరుగెత్తినా ఉన్నచోటే ఉండే యంత్రం! నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ జాసిమ్ ఎదురుగా ఉంటే తెలుగులోనైనా సరే తిట్టేవాణ్ణి.

పని పంచుకున్నాం. క్రేను నడిపే చెయ్యి కదా, బండి వేగం తిప్పే మీట రాజమల్లుకు. పట్టాలు మార్చడం ఓబులేసుకు. స్టేషన్లో నిలబడి ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో చెప్పడం నాకు. మీట దగ్గర కూర్చుంటే కొండ అడ్డం వచ్చి రాజమల్లుకు సగం దారి కనబడదు. నేను చెప్పిందే వాడికి ఆధారం.

మొదలుపెట్టాం. నా ఇంజను కొండ ఎక్కింది. ఓబులేసు చప్పట్లు కొట్టాడు. దిగేటప్పుడు చూస్తే పట్టా ఇంకా మారలేదు.

"చివరి పెట్టె దాటలేదు, పాయింటు మార్చకు!" అని నేను అరిచాను.

"డబ్బా దాటింది, కాంటా కొట్టు!" అని రాజమల్లు.

"బోగీ యాడుందో నాకు కనపడతాంది, మీరిద్దరూ గమ్మునుండండి!" అని ఓబులేసు.

ముగ్గురం మాట మీద పడ్డాం, బండి మీద కాదు. అది తిన్నగా వెళ్ళి బల్ల అంచు దాటి దిండ్ల మీద పడింది. దిండ్లు ఉండబట్టి సరిపోయింది. గార్డు పెట్టె మూల ఒక్కటే విరిగింది. అంత జరిగినా, విరిగింది పెట్టె మూలా డబ్బా మూలా అని మళ్ళీ మొదలుపెట్టామంటే మా బుద్ధి ఎలాంటిదో చూడండి.

ఓబులేసు నేల మీద కూలబడిపోయాడు. "మీ కాళ్ళు మొక్కుతా. పెట్టె అనండి, డబ్బా అనండి, చెప్పు అనండి. రేపు నా రూము పోతాది. మీకు తమాషాగా ఉందా?" అని ఏడ్చేశాడు. మాకిద్దరికీ తల తీసేసినట్టయింది.

రాజమల్లు వెళ్ళి వాడి పక్కనే కూర్చున్నాడు.

"నోటితోని పనిలేకుంటనే నడుపుదమన్నా. క్రేను మీద నాతోని ఎవడన్న మాట్లాడ్తడా? కింద నిలబడి చెయ్యి జూపిస్తడు, నేను నడుపుత. పాకిస్తానోడైనా, ఫిలిప్పీనోడైనా గదే చెయ్యి."

నిజమే. రాజమల్లు నాన్న గ్యాంగ్‌మన్, ఓబులేసు మేనమామ పాయింట్స్‌మన్, మా ఇల్లు తెనాలి గేటు పక్కనే. ముగ్గురం జెండాలు చూస్తూ పెరిగినవాళ్ళమే. పచ్చ చూపిస్తే కదలాలి. ఎర్ర చూపిస్తే ఆగాలి. ఎర్రజెండా చేతిలో లేకపోతే, ఏ వస్తువైనా సరే గట్టిగా ఊపితే ఆగిపోవాలి. ఇందులో గుంతకల్లు పద్ధతి, పెద్దపల్లి పద్ధతి అని లేదు.

"ఇంకో రూలున్నది" అన్నాడు రాజమల్లు. "ఆపమని ఎవడు ఊపినా ఆపాలె. మేనేజర్ గానీ, చాయ్ పోసేటోడు గానీ. ఎందుకని అడుగొద్దు. ముందుగాల ఆపాలె."

శుక్రవారం ఎవరమూ నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఆ తర్వాత పది సార్లు నడిపాం. బండి పొల్లు పోకుండా నడిచింది. ఓబులేసు మాకు తన చేత్తో రాగిసంగటి, చెనక్కాయల చట్నీ పెట్టాడు.

శుక్రవారం మజ్లిస్

బాబాకు ఎనభై దాటి ఉంటాయి. చేతికర్ర, తెల్లటి బట్టలు, చురుకైన కళ్ళు. కుర్రతనంలో బొంబాయి వెళ్ళి అక్కడ రైలెక్కాడట, అందుకని కొంచెం హిందీ వచ్చు. రైలును ఆయన గాడీ అంటాడు. ఆయనతో పాటు ఇద్దరు స్నేహితులు వచ్చి దిండ్లకానుకుని కూర్చున్నారు. జాసిమ్ కొలిచే టేపు చేతిలో పట్టుకునే వచ్చాడు. మమ్మల్ని చూసి చక్కగా సలాం చెప్పి, వెంటనే గోడ కొలవడం మొదలుపెట్టాడు. ఓబులేసు ముఖం పాలిపోయింది.

"యల్లా, గాడీ చలావ్" అన్నాడు బాబా.

నేను పచ్చ రుమాలు చాపాను. బండి కదిలింది. కొండ ఎక్కింది, దిగింది, వంతెన దాటింది. ఓబులేసు పట్టా మార్చాడు, బండి బాబా ముందు నుంచి వెళ్ళింది. ముసలివాళ్ళు ముగ్గురూ ముందుకు వంగి చూస్తున్నారు. మా నోళ్ళు మూతపడి ఉన్నాయి. ఇంత హాయిగా మేం ముగ్గురం ఎప్పుడూ లేం.

ఇంతలో కాఫీ వచ్చింది. అది మన కాఫీ కాదు. పసుపుపచ్చగా, యాలకుల వాసనతో, పాలు లేకుండా, చక్కెర లేకుండా ఉంటుంది. పిడి లేని బుల్లి కప్పులో రెండు గుక్కలు పోస్తారు. పోసే పెద్దమనిషి నా దగ్గరకూ వచ్చాడు. ఎడమ చేతిలో పచ్చ రుమాలు, కుడి చేతిలో కప్పు. తాగాను. మళ్ళీ పోశాడు. అతిథి మర్యాద కదా, తాగాను. మళ్ళీ పోశాడు. వద్దని చెప్పడానికి నోరు తెరవకూడదని ఒట్టు. తాగుతూనే ఉన్నాను, పోస్తూనే ఉన్నాడు. ఆరో కప్పుకు నా చెవుల్లో ఇంజను కూత వినబడింది.

ఓబులేసు ఉండబట్టలేక, పెదవులు కదలకుండా, "కప్పు ఊపన్నా! ఊపకుంటే పోస్తానే ఉంటాడు" అన్నాడు. ఇక చాలు అని చెప్పడానికి ఇక్కడి మర్యాద అదేనట. కప్పును కొంచెం అటూ ఇటూ ఆడిస్తే చాలు. ఆరు కప్పులు తాగిన చెయ్యి కొంచెం ఎలా ఆడిస్తుంది? నేను గజగజా ఊపేశాను.

బండి వంతెన మధ్యలో టక్కున ఆగిపోయింది.

రాజమల్లు మీట కిందికి లాగేసి, ప్రమాదమేంటో వెతుకుతూ నావైపు కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నాడు. జాసిమ్ టేపు పట్టుకునే తల తిప్పి, చెడిపోయిందా అని అడిగాడు. ఓబులేసు చెమటలు కక్కుతూ, "నై నై, లైన్ క్లియర్ లేదు" అని ఏదో అన్నాడు. నేను హడావిడిగా పచ్చ రుమాలు చాపాను. బండి కదిలింది. బతికాంరా దేవుడా అనుకున్నాను.

అప్పుడు బాబా తన కాఫీ ముగించి, అలవాటుగా కప్పు ఊపాడు. బండి సరిగ్గా ఆయన మోకాలి ముందుకొచ్చి ఆగింది.

ఆపమని ఎవడు ఊపినా ఆపాలి కదా. రాజమల్లును ఏమని తిట్టను?

బాబా బండి వంక చూశాడు. చేతిలో కప్పు వంక చూశాడు. నేను పచ్చ చూపించాను, బండి నాలుగు అంగుళాలు కదిలింది. ఆయన ఖాళీ కప్పును మళ్ళీ ఊపాడు. బండి ఆగింది. ఆయన ముఖంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. స్నేహితుల వైపు తిరిగి అరబ్బీలో ఏదో గట్టిగా చెప్పాడు. వాళ్ళు నమ్మలేదు. మళ్ళీ పచ్చ, మళ్ళీ కప్పు, మళ్ళీ ఆగింది. స్నేహితులు తొడలు చరుచుకున్నారు. కాఫీ పోసే పెద్దమనిషి మాత్రం ఆయన కావాలంటున్నాడో వద్దంటున్నాడో తెలియక కూజా పట్టుకుని ముందుకీ వెనక్కీ నడుస్తున్నాడు.

జాసిమ్‌కు నవ్వొచ్చింది. "ఇందులో ఏముంది, ఎవరు ఊపినా ఆగుతుంది" అన్నాడట. ఓబులేసు మాకు వణుకుతూ తెలుగులో చెప్పాడు. బాబా నవ్వు ఆగిపోయింది. "అయితే నువ్వు ఊపు" అన్నాడు.

జాసిమ్ టేపు కింద పెట్టి, ఒక కప్పు తీసుకుని, బండి దారికి అడ్డంగా చెయ్యి చాపి నిలబడ్డాడు. నేను పచ్చ చూపించాను. బండి కొండ దిగి వస్తోంది. జాసిమ్ కప్పును ఊపాడు. అనుమానానికి తావు లేని సంకేతం. ఏ రైల్వేలో ఏ గ్యాంగ్‌మన్‌ని అడిగినా ఆగమనే చెబుతాడు. రాజమల్లు చెయ్యి మీట మీద బిగుసుకుంది. వాడి కళ్ళు నావైపు తిరిగాయి. ఓబులేసు కళ్ళు మూసుకున్నాడు.

నాకు రూళ్ళంటే ప్రాణం. మా గేటు దగ్గర జెండా చూడకుండా రోడ్డు దాటినవాళ్ళను ఇప్పటికీ వెంటపడి తిడతాను. కానీ ఓబులేసు మూసుకున్న కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను పచ్చ రుమాలును ఇంకా పైకెత్తి, కదలకుండా పట్టుకున్నాను.

బండి జాసిమ్ ముందు నుంచి, ఊగుతున్న కప్పు కింద నుంచి, మెల్లగా, దర్జాగా దాటిపోయింది.

బాబా పగలబడి నవ్వాడు. కట్టుడుపళ్ళు జారితే చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు. కర్రతో నేల మీద కొట్టి కొడుకుతో ఏదో అన్నాడు. ఓబులేసు ఏడుస్తూ, నవ్వుతూ మాకు చెప్పాడు: "తాను ఆగమంటే ఈ ఇంట్లో ఎవరూ ఆగరంట. పిల్లోళ్ళు ఆగరు, కోడళ్ళు ఆగరు, నేను కూడా కారు ఆపనంట. ఇదొక్కటే ఆగుతాదంట. దీన్ని ఇక్కన్నుంచి కదిపేది లేదంట. యంత్రాలు గరాజులో పెట్టుకోమన్నాడు."

జాసిమ్ కప్పు లోపల చూశాడు, కింద చూశాడు, మా ముగ్గురి ముఖాలూ చూశాడు. మేం గోడ వైపు చూశాం. ఆయన టేపును సర్రున చుట్టి జేబులో వేసుకుని, తండ్రి తల మీద ముద్దు పెట్టి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అతిథులు వెళ్ళాక ఓబులేసు మా ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "నిలబడిందన్నా, నా రూము నిలబడింది" అని అదే మాట. రాజమల్లు మాత్రం మీట దగ్గరే కూర్చుండిపోయాడు. దగ్గరకు వెళ్ళాను.

"అన్నా, ఆపమని ఊపిండు. నేను చూసిన. చూసి గూడ నడిపిన" అన్నాడు మెల్లగా. "నా జిందగీల ఇట్ల ఎన్నడు జెయ్యలే. నువ్వు గూడ చూసినవు గదా?"

నేను పచ్చ రుమాలు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాను.

"లేదే" అన్నాను. "కొండ అడ్డం వచ్చింది."